ఇంగ్లీషు పోగొట్టుకున్న ఎల్లుండి

ఎల్లుండిని ఇంగ్లీషులో ఏమంటారంటే "డే ఆఫ్టర్ టుమారో" అని ఠక్కున చెప్తాం. అది ఒక మాట కాదు, మూడు మాటలు. కానీ ఇంగ్లీషుకీ ఒకప్పుడు ఒక్క మాట ఉండేది: ఓవర్‌మారో. మొన్నకి ఎర్‌యెస్టర్‌డే. 1535లో మైల్స్ కవర్‌డేల్ అచ్చు వేయించిన బైబిల్లో ఈ రెండూ ఉన్నాయి. తర్వాత వాడుక తప్పాయి. వాటి చుట్టాలైన జర్మన్ మాటలు మాత్రం నేటికీ వాడుకలో ఉన్నాయి.

ఇక వరసలు చూద్దాం. పాత ఇంగ్లీషులో మేనమామ వేరు, బాబాయి వేరు. అమ్మ అన్నదమ్ముల్ని ఏఆమ్ అనేవారు; అదే తర్వాత ఈమ్ అయింది. నాన్న అన్నదమ్ములు ఫ్యాదెర. మేనత్త ఫథు. అమ్మ అక్కచెల్లెళ్ళు మోద్రియె. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును గెలిచాక, వాళ్ళ భాష నుంచి అంకుల్, ఆంట్ వచ్చి ఈ నాలుగింటినీ మింగేశాయి. తమాషా ఏమిటంటే, అంకుల్‌కి మూలమైన లాటిన్ మాటకి అర్థం మేనమామ ఒక్కడే!

"దౌ" అన్నదీ అంతే. అది మన "నువ్వు". మర్యాదకి వాడే "యూ" అందరికీ అలవాటై, 17వ శతాబ్దం చివరికల్లా మామూలు మాటల్లోంచి దౌ దాదాపుగా పోయింది.

గమనించండి: ఎల్లుండి రావడం మానలేదు, మేనమామలు లేకుండా పోలేదు. వస్తువు ఉండగానే మాట పోయింది. ఎవరూ నిషేధించలేదు. ఇంకో మాటతో పని జరిగిపోతోంది కదా అనుకున్నారు, అంతే.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. మన వీధిలో బోర్డు కన్నడం, బస్సు కన్నడం, క్లాసు ఇంగ్లీషు. తెలుగు మాటకి ఇల్లే ఊరు. ఆ ఇంట్లోనే "అంకుల్ వచ్చారు" అంటే, అమ్మ తమ్ముడా, నాన్న తమ్ముడా అని మళ్ళీ అడగాల్సి వస్తోంది. ఈమ్ పోయింది సరిగ్గా ఈ దారినే.

ఈ వారం అభ్యాసం: మీ ఇంట్లో పెద్దవాళ్ళు వాడే, మీరు వాడని మాటలు ఐదు అడిగి తెలుసుకోండి. అర్థంతో సహా పక్కనున్న ఖాళీ కాగితం మీద రాయండి. రాసి ఊరుకోకండి, రేపో ఎల్లుండో ఒక్కసారైనా పైకి అనండి.