బదిలీ కార్మికుడు

తెలంగాణము నుండి బొంబాయి, షోలాపురము నూలుమిల్లులకు వచ్చిన మన పెద్దలు బాగుగా నెరిగిన మాట "బదిలీ". ఉద్యోగి ఊరు మారుట అను అర్థము నిచట గ్రహింపరాదు. ఆనాడు పనికి రానివానికి బదులుగా యంత్రము కడ నిలుచువాడే బదిలీ కార్మికుడు.

యంత్రము ఆగినచో యజమానికి నష్టము. అందుచే మిల్లు ద్వారము కడ ప్రతి ఉదయము కొందరు వేచియుండెడివారు. వారిలో నెవరిని లోనికి పిలువవలెనో జాబరు నిర్ణయించుచుండెను. వాడు పుచ్చుకొను లంచములను 1931 నాటి రాయల్ కమిషన్ నివేదిక యెత్తిచూపినది. 1935లో బొంబాయి మిల్లు యజమానులు బదిలీ కార్డుల నేర్పరచి, ఖాళీలను కార్డు గలవారితో నింపసాగిరి. జాబరు పట్టు కొంత సడలవచ్చును గాని, పని దొరకని దినమున కూలి లేదు. మా దృష్టిలో అసలు చిక్కు ఇదియే. పని లేక నిలిపిన దినములకు సగము వేతన మిమ్మని 1953లో చట్టము చేసినప్పుడు సైతము, ఏడాది నిరంతర సేవ పూర్తికాని బదిలీలను మినహాయించిరి.

నేడు కొందరు చేతిఫోను చూచుచు వేచియున్నారు. గిడ్డంగిలో మనుషులు చాలనిచో యాప్ కబురు పంపును. జాబరు లేడు, ఐనను కబురు ముందెవరికి పోవునో నిర్ణయించు లెక్క కార్మికునికి కానరాదు.

విద్యార్థులారా! మీ ఇంట నట్టి పని చేయువారున్నచో, వారు వేచిన గంటలను, కూలి వచ్చిన గంటలను వేరువేరుగా ఒక వారము వ్రాసి చూడుడు.