గుడ్డు రంగు – కోడి జాతి



మౌలాలి, నాచారం, ఉప్పల్ వైపు పెరటి కోళ్లు పెంచువారు కొందరు, "కడక్‌నాథ్ కోడి నల్లనిది గదా, గుడ్డు నల్లగా లేదేమి? మోసపోతిమా?" అని అడుగుచుందురు. మోసమేమియు లేదు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు ఈ కోడికి చర్మము, మాంసము నల్లనివే గాని గుడ్డు లేత గోధుమ వన్నెది. నల్ల గుడ్డు చూపి ఎక్కువ ధర అడుగువాని వద్ద కొనకుడు.

ఈకను చూచి గుడ్డు రంగు చెప్పరాదు. మన అసీలును ఈకను బట్టి కాకి, డేగ, నెమలి అని పిలిచినను గుడ్లు లేత వన్నెవే. తెల్ల లెగ్‌హారన్ తెల్ల గుడ్డు పెట్టును. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థవారి గ్రామప్రియ, వనరాజా గోధుమ రంగు గుడ్లు పెట్టును.

నీలి గుడ్లకు పేరుపడినది చిలీ దేశపు అరకానా. గోధుమ రంగు పెంకుపై పూత వంటిది. నీలి రంగు పెంకు లోపలి వరకు ఉండును. గుడ్డు పగులగొట్టి చూచిన తెలియును.

ఇక పుంజు సంగతి. రంగు గుణము పుంజు నుండియు వచ్చును. అది గుడ్డు పెట్టదు గనుక అమ్మువాని మాటే ఆధారము, అది చాలదు. లెగ్‌హారన్ పెట్టలతో జతగూర్చి, పుట్టిన పెట్టలను కనీసము పదింటిని పెంచి చూడుడు. అన్నియు నీలి గుడ్లు పెట్టిన పుంజును శుద్ధమైనదిగా ఎంచవచ్చును. ఒక్కటి తెల్ల గుడ్డు పెట్టినను సంకరమే. ఇందుకు ఆరు నెలలు పట్టును. పిల్లల కాళ్లకు వలయములు వేసి, లెక్క పుస్తకములో వ్రాయుడు.

పోషణలో మాత్రము ఏ రంగు గుడ్డైనను ఒకటే.