చెఱపడినవాని వ్రాతను చదువు విధము

ఐరోపావారు అమెరికా ఖండమునకుఁ బోయిన తొలినాళ్లలో, అచటి దేశీయుల చేతఁ జిక్కి బ్రతికి వచ్చినవారు కొందఱు తమ వృత్తాంతములను వ్రాసిరి. అందు చిక్కినవాని మాటయే మనకు దక్కినది. పట్టినవారి మాట దక్కలేదు. కావున నట్టి గ్రంథముల నెట్లు చదువవలయునో ఒక యుదాహరణముతో మా విద్యార్థులకుఁ జూపఁదలఁచితిమి.

1527లో ఫ్లోరిడాను జయించుటకై స్పెయినునుండి సుమారు 600 మంది బయలుదేరిరి. కబేసా దె వాకా యనునతఁడు వారి కోశాధికారి. మరుసటి యేఁట లోనాడు జొచ్చిన సుమారు 300 మంది ఆఁకలిచేతను, తెవుళ్లచేతను నలిగి, తామే కట్టుకొన్న యైదు పడవలలోఁ దప్పించుకొని పోయిరి. నవంబరులో నందు రెండు పడవలు నేఁటి టెక్సాసు తీరమున నొక దీవికిఁ గొట్టుకొని వచ్చెను. వస్త్రహీనులై వణఁకుచున్న పరదేశులఁ జూచి దీవివారు చెంతఁ గూర్చుండి యేడ్చిరి; త్రోవలో మంటలు వేసి చలి కాఁచుచుఁ దమ యిండ్లకుఁ గొనిపోయిరి.

ఆ చలికాలమున, వేఱుగా నున్న యైదుగురు స్పెయినువా రాఁకలికిఁ దాళలేక యొకరినొకరు తినిరి. అది విని దీవివారు మిక్కిలి రోసిరి. దేశీయులు నరభక్షకులని యూరక విని నమ్మువా రీ సంగతి మఱవరాదు. పిదప కడుపుజాడ్యమున దీవివారిలో సగము మంది చావఁగా, పరదేశులే కారణమని వారిఁ జంపఁజూచిరి. తమలో నొకఁడు వలదనఁగా మానిరి.

కబేసా దె వాకా యచట దాసునివలె నీటిలో వేళ్లు త్రవ్వెను. తరువాత సముద్రపు గుల్లలు లోనాటికి మోసి తోళ్లు, చెకుముకిరాళ్లు తెచ్చు వర్తకుఁడయ్యెను. కడపట రోగులకు వైద్యుఁడయ్యెను. 1536లో, మిగిలిన మువ్వురితోఁగూడ, స్వజనులను గలిసికొనెను. వారప్పుడు దేశీయులను బానిసలుగాఁ బట్టుచుండిరి. వెంటవచ్చిన దేశీయు లీ యుభయులు నొక్క జాతివారనిన నమ్మరైరి. వీరు రోగులను బాగుచేయువారు, వారు ఆరోగ్యముగా నున్నవారిఁ జంపువారు గదా యని వాదించిరఁట. ఇరువాగులవారును క్రైస్తవులమనియే చెప్పుకొనిరి. ఈ పుట చదువునప్పుడెల్ల మాకు తల వంగుచున్నది.

గ్రంథము 1542లో నచ్చుపడెను. అది చక్రవర్తికి సమర్పింపఁబడినది. తన సేవను నిరూపించుకొనుటయు నందొక యుద్దేశ్యము. బ్రతికిన నలువురిలో మొరాకో దేశపు బానిస యగు ఎస్తెవానికో యొకఁడు. అతఁడు 1539లో ఉత్తరపు యాత్రకు దారి చూపఁబోయి చంపఁబడెను. అతని మాటగా నొక్క పుటయు లేదు.

విద్యార్థులారా! వ్రాసినవాఁ డెవఁడు, ఎవరికొఱకు వ్రాసెను, మాటాడ నోచనివా రెవరు అని యడుగుచుఁ జదువుఁడు. చరిత్రమునందు న్యాయబుద్ధి యచటనే మొదలగును.