ఆస్తికుడనగా ఎవరు?

సాంఖ్యము, యోగము, న్యాయము, వైశేషికము, పూర్వమీమాంస, వేదాంతము అను ఆరింటిని మనవారు ఆస్తిక దర్శనములందురు. ఆంగ్లమున వ్రాయబడిన తత్త్వ గ్రంథములు వీనినే ‘ఆర్థొడాక్స్’ దర్శనములని పేర్కొనును. ఆ గ్రంథములను తెలుగు చేయునపుడు ఆ మాటకు ఒకచోట ‘ఆస్తిక’ మనియు, వేరొకచోట ‘ఛాందస’ మనియు వ్రాయుట కలదు. మూడు పదములును ఒకే అర్థమును బోధించునని చదువరి తలచును. కాని మూడింటి పుట్టుకలు వేరు; అవి మననుండి కోరునదియు వేరు. సంధ్యావందనము మానిన కుమారుని జూచి ‘మావాడు నాస్తికుడైనాడు’ అని తండ్రి వగచు ఇండ్లు నేటికిని గలవు. ఆ మాట ఎవరికి తగునో విచారించుట వట్టి నిఘంటు చర్చ కాదు.

గ్రీకు మాట

గ్రీకు భాషలో ‘ఓర్థోస్’ అనగా తిన్ననిది, సరియైనది. ‘డోక్సా’ అనగా అభిప్రాయము. ‘తోచుట’ అను అర్థముగల ధాతువునుండి ఇది పుట్టినది. కావున డోక్సా యనగా మనస్సునకు తోచినది. ప్లేటో తన ‘రిపబ్లిక్’ గ్రంథమున దీనిని నిశ్చయ జ్ఞానమునకు క్రింది మెట్టున నిలిపెను. క్రైస్తవ సంఘము విస్తరించిన పిదప క్రీస్తు స్వరూపమును గూర్చి భిన్నాభిప్రాయములు తలయెత్తగా, వానిలో సరియైనదేదో తేల్చవలసివచ్చెను. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి నైసియా నగరమున మతాధ్యక్షుల మహాసభను సమావేశపరచెను. అచ్చట ఒక విశ్వాస ప్రకటనము సిద్ధమయ్యెను. 380లో థియొడోసియస్ చక్రవర్తి శాసనముచే ఆ విశ్వాసమే రాజ్యమతమయ్యెను. దానికి భిన్నమైనదానిని ‘హైరెసిస్’ అనిరి. ఆ మాటకు మొదటి అర్థము ‘ఎంపిక’ మాత్రమే. ఎంచుకొనుటయే దోషముగా పరిణమించెను.

అయినను డోక్సాకు మరియొక అర్థము కలదు. యూదుల పవిత్ర గ్రంథములను గ్రీకు భాషలోనికి మార్చినవారు భగవన్మహిమను తెలుపుటకు ఈ పదమునే వాడిరి. స్లావు జాతులవారు ఆర్థొడాక్సీని తమ భాషలో ‘ప్రవోస్లావియె’ అనిరి. సరియైన మహిమార్పణమని దాని భావము. బైజాంటియమున 843లో పవిత్ర చిత్రముల ఆరాధన పునఃప్రతిష్ఠింపబడినది. ఆ సంఘటనను స్మరించుచు ప్రాచ్య క్రైస్తవులు తమ ఉపవాస దినములలోని మొదటి ఆదివారమును ఆర్థొడాక్సీ పండుగగా నేటికిని జరుపుకొందురు. సరియైన అభిప్రాయము సరియైన ఆరాధనగా మారినగాని సార్థకము కాదని ఆ మతమునందలి భక్తులును గ్రహించిరన్నమాట.

ఛందస్సు చదివినవాడు

ఇక ‘ఛాందసుడు’. ఈ మాట వినగానే పాతదానిని విడువలేనివాడు, లోకజ్ఞత లేనివాడు అను భావము తెలుగువారికి స్ఫురించును. సంస్కృతమున ఛందస్సనగా వేదము. దానిని అధ్యయనము చేసినవాడు ఛాందసుడు. అమరకోశము శ్రోత్రియ, ఛాందస పదములను పర్యాయములుగా పఠించినది. ఇంతటి గౌరవ వాచకము మన వాడుకలో ఎత్తిపొడుపు మాటయైనది. పఠనము మిగిలి అర్థము మరుగుపడినచోట పదములకు ఇట్టి గతి పట్టుట వింత కాదు.

‘అస్తి’ అను బుద్ధి

‘ఉన్నది’ అను బుద్ధి గలవాడు ఆస్తికుడనియు, ‘లేదు’ అను బుద్ధి గలవాడు నాస్తికుడనియు పాణిని అష్టాధ్యాయిలో (4-4-60) ఈ పదములను సాధించెను. ఏది ఉన్నదో సూత్రము చెప్పదు. పరలోకము ఉన్నదను బుద్ధి యని వ్యాఖ్యాతలు పూరించిరి. మనుస్మృతి వేదమును నిందించువానిని నాస్తికుడన్నది. ఈ ప్రమాణమును బట్టియే జగత్కర్తయగు ఈశ్వరుని అంగీకరింపని సాంఖ్యమును, పూర్వమీమాంసయు ఆస్తిక దర్శనములైనవి. 8వ శతాబ్దివాడగు జైనాచార్యుడు హరిభద్రుడు ‘షడ్దర్శనసముచ్చయము’న బౌద్ధ జైనములను సైతము ఆస్తికవాదములలో చేర్చి, లోకాయతమును మాత్రము వేరుగా నుంచెను. నేటి వ్యవహారమున దేవుని నమ్మువాడే ఆస్తికుడు. సరిహద్దు రాయి ఇన్నిమార్లు కదలినను, మాట నడుమనున్న ‘అస్తి’ మాత్రము కదలలేదు.

గ్రీకు పదమునకును మన పదమునకును గల భేదము ఇచ్చట స్పష్టమగును. ‘తోచినది’ అనుటలో తలచువాని మనస్సు ప్రధానము. ‘ఉన్నది’ అనుటలో వస్తువు ప్రధానము. జ్ఞానము వస్తువును అనుసరించునేగాని పురుషుని ఇచ్ఛను అనుసరింపదని శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యమున నిరూపించిరి. కావున ఆస్తికత ఒక అభిప్రాయమును పట్టుకొని కూర్చుండుటతో ముగియదు. ఉన్నదన్న వస్తువును వెదకి కనుగొనవలసిన బాధ్యత ఆ మాటలోనే కలదు.

నచికేతుని శ్రద్ధ

కఠోపనిషత్తు ఈ విషయమును కథా రూపమున బోధించుచున్నది. వాజశ్రవసుడు యజ్ఞము చేసి సర్వస్వమును దానమిచ్చుచున్నాడు. కాని ఆ గోవులు నీరు త్రాగుటయు, గడ్డి మేయుటయు ముగిసినవి, పాలు పిదుకబడినవి, ఈనజాలనివి. అప్పుడు బాలుడగు నచికేతునియందు శ్రద్ధ ప్రవేశించినదని ఉపనిషత్తు చెప్పును. శ్రద్ధ యనగా ఆస్తిక్యబుద్ధి యని శంకరుల వ్యాఖ్య. చూడుడు! యజ్ఞశాలలో కర్తగా కూర్చున్నవాడు తండ్రి; ఆస్తిక్యబుద్ధి కలిగినదో, ఆ దానమును జూచి ప్రశ్నించిన పుత్రునకు.

ఆ బాలుడే యముని యెదుట నిలిచి, మరణించిన పిదప జీవుడు ఉన్నాడని కొందరును, లేడని కొందరును అనుచున్నారు, దీని నిజము తెలుపుమని అడిగెను. ‘అస్తి’, ‘నాస్తి’ అను రెండు మాటలును ఆ ప్రశ్నలోనే ఉన్నవి. సందేహించినందులకు యముడు వానిని నిందింపలేదు. ధనము, భోగములు చూపి పరీక్షించెను. వానికి లొంగకుండుట జూచి మెచ్చి ఉపదేశించెను. ఉపనిషత్తు చివర, వాక్కునకు, మనస్సునకు, కంటికి అందని ఆ తత్త్వము ‘ఉన్నది’ అనువానికే లభించునని చెప్పి, మొదట ఉన్నదని గ్రహించినవానికి దాని నిజస్వరూపము ప్రసన్నమగునని బోధించెను. కావున ఆస్తిక్యము మొదటి మెట్టు. అనుభవము దాని ఫలము.

‘శ్రద్ధ’ అను పదమునందు ‘ధా’ ధాతువునకు ‘ఉంచుట’ యని అర్థము. ‘శ్రత్’ అనగా సత్యమని మన నిఘంటువు చెప్పును. హృదయమను అర్థముగల ప్రాచీన శబ్దముతో భాషాశాస్త్రజ్ఞులు దానిని సంబంధింతురు. లాటిన్ భాషలోని ‘క్రేడో’ అను మాటయు ఆ మూలమునుండి పుట్టినదే. నైసియా విశ్వాస ప్రకటనము లాటినున ఆ మాటతోనే ఆరంభమగును. అభిప్రాయములు వేరైనను, హృదయమును సత్యమునందు ఉంచుట అను మూలార్థమున తూర్పు పడమరలు కలిసికొన్నవి.

మనకు కర్తవ్యము

శ్రద్ధ లేక చేసిన హోమము, దానము, తపస్సు ‘అసత్’ అని గీత 17వ అధ్యాయపు చివర చెప్పుచున్నది. అసత్, అస్తి: రెండును ఒకే ధాతువునుండి వచ్చినవి. ‘ఉన్నది’ అని నోట పలుకుచు శ్రద్ధ లేక చేసిన కర్మము లేనిదానితో సమానమే యగును.

దక్షిణేశ్వరమునకు వచ్చిన నరేంద్రుడు ‘మీరు భగవంతుని చూచితిరా?’ అని శ్రీరామకృష్ణులను అడిగెను. నిన్ను చూచుచున్నట్లే, ఇంకను స్పష్టముగా చూచుచున్నానని గురుదేవులు బదులు చెప్పిరి. అది అభిప్రాయము కాదు. కఠోపనిషత్తు ‘అస్తి’ యని చెప్పినదే. పిమ్మటను నరేంద్రుడు సందేహించెను, పరీక్షించెను. గురుదేవులు దానికి సంతసించిరేగాని నాస్తికుడని త్రోసివేయలేదు. ఆ నరేంద్రుడే స్వామి వివేకానందుడై 1896లో లండనున వేదాంతమును గూర్చి ప్రసంగించుచు, తనయందు తనకు విశ్వాసము లేనివాడే నాస్తికుడని నిర్వచించిరి.

కావున ప్రశ్నించు కుమారుని నాస్తికుడనుటకు ముందు, తాను నిత్యము చేయు పూజయందు తన హృదయము ఎంతవరకు ఉన్నదో తండ్రి చూచుకొనవలెను. కుమారుడును తన ప్రశ్న నచికేతుని ప్రశ్న వంటిదా, లేక శ్రమను తప్పించుకొను సాకా యని తన్ను తాను పరీక్షించుకొనవలెను. ఇరువురును నిజముగా వెదకినచో, ఆ యింట ఆస్తికత కొరవడదు.