పుదుచ్చేరిలో గోల్కొండ: చెక్కుల, స్లోవాకుల చరిత్ర



మన ఇందిరా నగర్ నుంచి ఊరి మీదుగా సముద్రం వైపు వెళ్ళి కాలువ దాటితే, ఫ్రెంచివారి కాలం నాటి వీధులు వస్తాయి. అక్కడ డ్యూమా వీధిలో శ్రీ అరవిందాశ్రమం వారి వసతి గృహం ఒకటుంది. దాని పేరు ‘గోల్కొండ్’. మన గోల్కొండే ఫ్రెంచి ఉచ్చారణలో అలా అయింది. నిజాం ప్రభుత్వంలో ఉన్నత పదవిలో ఉన్న సర్ అక్బర్ హైదరీ ద్వారా లక్ష రూపాయల విరాళం అందినందుకు గుర్తుగా ఆ పేరు పెట్టారు. ఇనుప కడ్డీలు అల్లి, కాంక్రీటు పోసి కట్టిన ఆ భవనంలో గదులకు గాజు కిటికీలు లేవు. అడ్డంగా అమర్చిన పలకలను తిప్పుకుంటే గాలి వస్తుంది, ఎండ రాదు.

పేరు తెలుగు నేలది, ఊరు తమిళులది, అప్పటి పాలన ఫ్రెంచివారిది. మరి కట్టించినవారు ఎవరు? నమూనా గీసిన ఆంటోనిన్ రేమండ్, ఇక్కడే ఉండి పని నడిపించినవారిలో ఒకరైన ఫ్రాంటిషెక్ సామర్, ఇద్దరూ పుట్టుకతో చెక్కులు. మధ్య ఐరోపావారు. ఈ పాఠంలో చెక్కుల చరిత్రను, వారితో కలిసి నడిచిన స్లోవాకుల చరిత్రను తెలుసుకుందాం.

ఊరు కదలకుండా మారిన దేశం

అమ్మకో నాన్నకో బదిలీ అయితే మనం ఊరు మారతాం. దేశం మారదు. చెక్కులది, స్లోవాకులది ఇందుకు తిరగబడిన అనుభవం. వాళ్ళు ఇల్లు కదలకుండానే దేశం మారిపోయేది.

సామర్ 1907లో పిల్జెన్ నగరంలో పుట్టారు. అప్పుడది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉంది. చెక్కులు ఆస్ట్రియా పాలనలో, స్లోవాకులు హంగరీ పాలనలో ఉండేవారు. ఒకరి మాట మరొకరికి తెలిసేంత దగ్గరి భాషలు వారివి. కానీ బతుకులు వేరు. చెక్కుల ప్రాంతంలో కర్మాగారాలు, బడులు, పత్రికలు పెరిగాయి. స్లోవాక్ భాషలో నడిచే మూడు ఉన్నత పాఠశాలలను మాత్రం హంగరీ ప్రభుత్వం 1870లలో మూసివేసింది.

మొదటి ప్రపంచ యుద్ధం చివర, 1918 అక్టోబరు 28న, ఇద్దరూ కలిసి చెకోస్లొవేకియా అనే స్వతంత్ర దేశాన్ని ఏర్పరచుకున్నారు. తొలి అధ్యక్షుడు తోమాష్ మాసరిక్. ఆయన తండ్రి స్లోవాక్. అది ఎన్నికలు, పార్లమెంటు ఉన్న ప్రజాస్వామ్యం. అయితే నిర్ణయాలన్నీ ప్రాగ్‌లోనే జరుగుతున్నాయన్న అసంతృప్తి స్లోవాకుల్లో చాలామందికి ఉండేది.

మొదటి విడిపోవడం

1938 సెప్టెంబరులో జర్మనీ, ఇటలీ, బ్రిటన్, ఫ్రాన్సు నాయకులు మ్యూనిక్‌లో కూర్చుని, చెకోస్లొవేకియా సరిహద్దు ప్రాంతాలను హిట్లరుకు అప్పగించారు. ఆ చర్చలో చెకోస్లొవేకియాకు చోటే లేదు. 1939 మార్చి 14న, హిట్లరు ఒత్తిడితో, స్లొవేకియా వేరు దేశమయింది. మర్నాడు జర్మన్ సైన్యం ప్రాగ్‌లో దిగింది. ఇక్కడ గోల్కొండ్ గోడలు లేస్తుండగా, అక్కడ సామర్ పుట్టిన దేశం పటంలో లేకుండా పోయింది. 1942లో ఆయన బ్రిటిష్ సైన్యంలో చేరారు.

యుద్ధకాలంలో రెండు ప్రాంతాల నుంచీ యూదులను మరణ శిబిరాలకు తరలించారు. యుద్ధం ముగిశాక చెకోస్లొవేకియా మళ్ళీ ఒకటయింది. తరతరాలుగా అక్కడే ఉన్న జర్మన్లను లక్షల సంఖ్యలో వెళ్ళగొట్టింది. సామర్ స్వదేశానికి తిరిగి వెళ్ళి, పిల్జెన్‌లో తన వృత్తిలో కొనసాగారు.

1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టు పార్టీ అధికారమంతా చేజిక్కించుకుంది. 1968లో స్లోవాక్ నాయకుడు అలెగ్జాండర్ దుబ్చెక్ పత్రికలపై ఆంక్షలు సడలించి, సంస్కరణలు మొదలుపెట్టారు. ఆగస్టులో సోవియట్ కూటమి ట్యాంకులు వచ్చి వాటిని అణచివేశాయి. సామర్ 1973లో మరణించారు. తరువాత వచ్చిన మార్పును ఆయన చూడలేదు.

1989 నవంబరు 17న ప్రాగ్‌లో విద్యార్థుల ఊరేగింపును పోలీసులు కొట్టి చెదరగొట్టారు. ఆ కోపంతో లక్షలమంది వీధుల్లోకి వచ్చారు. చేతుల్లో ఆయుధాలు లేవు. తాళంచెవుల గుత్తులు ఆడిస్తూ, పాలకులను దిగిపొమ్మన్నారు. డిసెంబరు ముగియకముందే, జైలు జీవితం గడిపిన నాటక రచయిత వాత్స్లావ్ హావెల్ దేశాధ్యక్షుడయ్యారు.

రెండవ విడిపోవడం

స్వేచ్ఛ వచ్చాక పాత ప్రశ్న మళ్ళీ తలెత్తింది. ఆర్థిక సంస్కరణలు ఎంత వేగంగా సాగాలి? అధికారం ఎవరి చేతిలో ఎంత ఉండాలి? 1992 ఎన్నికల్లో గెలిచిన చెక్ నాయకుడు క్లౌస్, స్లోవాక్ నాయకుడు మెచియార్ ఒప్పందానికి రాలేక, విడిపోదామని నిర్ణయించారు. పార్లమెంటు చట్టం చేసింది. ఉమ్మడి ఆస్తులను చాలావరకు జనాభా లెక్కన రెండుకు ఒకటి చొప్పున పంచుకున్నారు. 1993 జనవరి 1న రెండు దేశాలు ఏర్పడ్డాయి. ఒక్క తుపాకీ పేలలేదు. అయితే ప్రజలను నేరుగా ఓటు అడగలేదు. ఆ లోటును అక్కడివారు నేటికీ ప్రస్తావిస్తారు. 2004 మే 1న రెండు దేశాలూ ఒకే రోజున ఐరోపా సమాఖ్యలో చేరాయి.

చూశారా? అదే ఇద్దరు, రెండు విడిపోవడాలు. మొదటిది పొరుగువాడు బెదిరిస్తే జరిగింది. రెండవది మాట్లాడుకుంటే జరిగింది. గీత ఎక్కడ పడిందన్నది ఎంత ముఖ్యమో, ఎలా పడిందన్నదీ అంతే ముఖ్యం.

మన సంగతి

2014 జూన్ 2న తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాలయ్యాయి. అక్కడ దేశాలే వేరయ్యాయి, ఇక్కడ దేశం ఒకటే. పాస్‌పోర్టు మారలేదు, భాషా మారలేదు. అయినా వరంగల్లులో పుట్టిన నాన్నగారి పాత సర్టిఫికెట్లలో ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. ఆయన బిడ్డ మాత్రం దరఖాస్తులో తెలంగాణ అని రాస్తుంది. ఇద్దరూ రాసింది నిజమే. గోదావరి ఒడ్డున తెలుగు మాట్లాడే యానాం మన పుదుచ్చేరిలో భాగమన్నదీ అలాంటి నిజమే.

కొత్త బడిలో ‘మీదే ఊరు?’ అని అడిగితే మనలో చాలామందికి జవాబు వెంటనే తోచదు. ఒక్క పేరుతో చెప్పలేకపోవడం చిన్నతనం కాదు. సామర్‌కూ ఒక్క పేరు సరిపోలేదు.

ఆలోచించండి

1. పిల్జెన్‌లో 1907లో పుట్టి, 1993 దాకా అక్కడే ఉన్న వ్యక్తి ఎన్ని ప్రభుత్వాల కింద బతికి ఉంటారో వరుసగా రాయండి.
2. దేశం విడిపోవాలంటే పార్లమెంటు ఓటు చాలా, ప్రజల ఓటు కూడా కావాలా? మీ కారణాలు చెప్పండి.
3. మీ ఇంట్లో పెద్దల సర్టిఫికెట్లలో, మీ సర్టిఫికెట్లలో ఉన్న ఊరు, జిల్లా, రాష్ట్రాల పేర్లు పోల్చి చూడండి. ఏవి మారాయి? ఎందుకు మారాయో పెద్దలను అడిగి తెలుసుకోండి.