కూర మంచిదే, మొలిచిన చోటు మంచిదేనా?

తొలకరి పడి పది పదిహేను రోజులైతే చాలు, హైదరాబాద్ శివార్లలోని ఖాళీ ప్లాట్లలో గంగవాయిలి, గలిజేరు, తుమ్మి, చెంచలి పచ్చగా లేస్తాయి. ఎవరూ విత్తరు, ఎవరూ నీళ్లు పెట్టరు. పనుల కోసం పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు అక్కడ వంగి కూర ఏరుకోవడం మీరూ చూసే ఉంటారు. కూర గుర్తుపట్టడం వాళ్లకు ఒకరు నేర్పనక్కర్లేదు. కానీ ఊళ్లో చేను గట్టు వేరు, పట్నంలో ప్లాటు వేరు.

ముందు గంగవాయిలి సంగతి. ఆకు మందంగా, నున్నగా ఉంటుంది, కాడ ఎర్రన, రుచి కాస్త పులుపు. ఒమేగా-3 అనే మంచి కొవ్వు మిగతా ఆకుకూరల కన్నా దీంట్లో ఎక్కువ. అయితే దీని పక్కనే రెడ్డివారి నానుబాలు కూడా నేలబారుగా పాకుతుంది. అనుమానం వస్తే కాడ తుంచి చూడండి. తెల్లటి పాలు కారితే పారేయండి. గంగవాయిలికి పాలు రావు. కిడ్నీలో రాళ్లున్నవారు మాత్రం దీన్ని తగ్గించాలి, ఇందులో ఆగ్జాలిక్ ఆమ్లం ఎక్కువ.

బతుకమ్మలో పేర్చే గునుగు కూడా లేతగా ఉన్నప్పుడు కూరే. తుమ్మికూరను తెలంగాణలో వినాయక చవితినాడు తప్పకుండా వండుతారు. పప్పుకూర చలికాలంలో యాసంగి చేలల్లో వస్తుంది.

ఇక పొన్నగంటి. కిందటేడు నేను ఒక కాల్వ గట్టున ఏపుగా ఉందని ఒడినిండా కోసుకుపోయాను. మా అమ్మ కూర చూడలేదు, “ఏ నీళ్లల్లదిరా?” అని అడిగింది. మురుగు కాల్వ అని చెప్పగానే పెంటకుప్ప మీద పడేసింది. ఆమె చేసింది సరైన పని. మురుగులో, ఫ్యాక్టరీ నీళ్లలో ఉండే సీసం, కాడ్మియం వేరు ద్వారా ఆకులోకి ఎక్కుతాయి. కడిగితే పోవు, ఉడికించినా పోవు. మూసీ గట్టుదైనా, నాలా పక్కదైనా ఇదే లెక్క. పెద్ద రోడ్ల అంచున కూడా కోయవద్దు. సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయినా, మట్టిలో చేరిన సీసం అంత తొందరగా పోదు.

రెండో ప్రమాదం కలుపు మందు. గ్లైఫోసేట్ కొట్టిన మొక్క వెంటనే వాడదు, కొన్ని రోజులు పచ్చగానే కనిపిస్తుంది. రైలు పట్టాల పక్కన, తోటల్లో, కాపలా ఉన్న ప్లాట్లలో మందు కొట్టారేమో అడగనిదే చెయ్యి పెట్టకండి.

రైతు సోదరులకు ఒక మాట. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఈ కూరలను కలుపు అనరు, చేలో వచ్చిన పంట అంటారు. మీరూ మందు కొట్టకముందే ఏరి, కట్టలు కట్టి రైతు బజారుకు తెచ్చి చూడండి. చవితి ముందు రోజు తుమ్మికూర కోసం పట్నంలో వెతుక్కునేవాళ్లు చాలామంది.

చేను లేనివారికి ఓ ఉపాయం ఉంది. పొన్నగంటి కట్ట కొన్నప్పుడు ముదురు కాడలు పారేయకుండా జానెడు ముక్కలు చేసి, మంచి మట్టి నింపిన కుండీలో గుచ్చండి. కణుపుల దగ్గర తొందరగా వేరు పోసుకుంటుంది. రోజూ శుభ్రమైన నీళ్లు చల్లండి. మొదటి కోత పారేసి, రెండో కోత నుంచి వండుకోండి.