మతిమరుపు జబ్బు ఉన్న పెద్దలకు పగటి సంరక్షణ స్థలం ఎలా ఉండాలి?



డిమెన్షియా అనేది వయసుతో వచ్చే మామూలు మతిమరుపు కాదు. అది మెదడుకు వచ్చే జబ్బు. 1906లో జర్మనీ వైద్యుడు అల్జీమర్ మొదట వివరించిన వ్యాధి దీనికి ముఖ్య కారణం. దీనిని పూర్తిగా నయం చేసే మందు ఇంతవరకు లేదు. కాని రోగి ఉండే చోటును సరిచేయడం మన చేతిలో ఉంది. జ్ఞాపకం చెప్పలేని సంగతిని గది చెప్పాలి.

కొందరు పెద్దలు బట్టలు తడుపుకుంటే ఇంట్లోవారు కోప్పడతారు. చాలాసార్లు వారికి మరుగుదొడ్డి ఎటువైపు ఉందో తెలియదు, అంతే. డే కేర్ కేంద్రంలో చేర్పించే ముందు ఈ విషయాలు చూడండి. కేంద్రం దగ్గరలో లేకపోతే ఇంట్లోనే ఒక గదిని ఇలా సర్దండి.

1. మరుగుదొడ్డి: కూర్చున్న చోటు నుండి తలుపు కనబడాలి. తలుపుకు ముదురు రంగు వేసి, బొమ్మ అంటించండి. తెల్లని గోడకు తెల్లని పట్టుకడ్డీ కనబడదు. వేరే రంగుది బిగించండి.

2. నేల: నల్లని పట్టా వారికి గుంటలా కనబడవచ్చు. మెరిసే నేల తడిగా ఉందనిపిస్తుంది. అక్కడ తడబడి పడితే తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది.

3. వెలుతురు: వయసు పెరిగేకొద్దీ కంటికి ఎక్కువ వెలుగు కావాలి. పొద్దు గూకక ముందే దీపాలు వేయండి. నీడలు తగ్గితే భయం, తికమక తగ్గుతాయి.

4. శబ్దం: ఎవరూ చూడని టీవీని ఆపండి. పెద్ద హాలులో అందరినీ వరుసగా కూర్చోబెట్టడం కంటే నలుగురైదుగురు ఒకచోట కూర్చోవడం మేలు.

5. భోజనం: తెల్లని పళ్ళెంలో పెరుగన్నం కనబడక వదిలేస్తారు. రంగు పళ్ళెంలో పెట్టండి.

6. నడక, పని: తిరిగి మొదటి చోటికే వచ్చే దారి ఉంటే నిశ్చింతగా నడుస్తారు. చిక్కుడుకాయలు ఒలవడం, బట్టలు మడతపెట్టడం వంటి అలవాటైన పనులు ఇవ్వండి.

వారు అద్దంలో తమను చూసుకొని పరాయి మనిషి అనుకొని భయపడితే అద్దాన్ని కప్పండి. గదికి తాళం వేసి వారిని ఒంటరిగా వదలి వెళ్ళవద్దు. ఒకటి రెండు రోజుల్లోనే తికమక హఠాత్తుగా ఎక్కువైతే అది గది వల్ల కాకపోవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్ వంటి కారణం ఉండవచ్చు. వెంటనే డాక్టరుగారికి చూపించండి.

మీ అమ్మగారు, నాన్నగారు కావాలని ఏదీ చేయడం లేదు. వారి పేరు మీరు మరచిపోలేదు కదా, ఆ పేరుతో, వరుసతో ప్రేమగా పిలవండి. తల్లిదండ్రులను సన్మానించమన్న దేవుని ఆజ్ఞ వారు మనలను గుర్తుపట్టని రోజుకు కూడా వర్తిస్తుంది. ఈ సేవలో ప్రభువు మీకు ఓర్పును, బలాన్ని దయచేయును గాక.